పర్ణశాలల పండుగ: ఒక తెలుగు యూదు బడి కథ

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక బొమ్మ కార్డు గెలుచుకున్నాను. మా దొరవారిసత్రంలో, ఊరికి అవతల పల్లెలో ఉన్న చిన్న చర్చిలో, ఆదివారం పొద్దున జరిగే సండే స్కూల్లో. నన్ను అక్కడికి తీసుకెళ్ళింది నా క్లాసులో నా పక్కన కూర్చునేవాడు. వాక్యం అప్పజెప్పిన వాళ్ళకి బొమ్మ కార్డు ఇస్తారని వాడు చెప్పాడు. నాకు బట్టీ పట్టడం బాగా వచ్చు. పన్నెండింటికి టీవీలో శక్తిమాన్ మొదలయ్యేలోపు ఇంటికి చేరిపోవచ్చు. ఇంకేం కావాలి?

కార్డు మీద ఆకులు కప్పిన గుడిసెలు, వాటి ముందు పొడుగు అంగీలు వేసుకున్న మనుషులు. కింద తెలుగులో ‘పర్ణశాలల పండుగ’ అని ఉంది. ఇంటికొచ్చేసరికి మా అవ్వ వాకిట్లోనే ఉంది. “యాడికి పొయినావురా?” అంది. చెప్పాను. అరవలేదు, కొట్టలేదు. బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి బట్టల మీదే రెండు బిందెల నీళ్ళు పోసి, “ఇంక లోపలికి పో” అంది. కార్డుని మాత్రం లోపలికి రానీలేదు. వసారా చూరులో దోపింది. నేను మళ్ళీ ఆ సండే స్కూలుకి పోలేదు. సోమవారం క్లాసులో నా పక్కనోడు ఎందుకు రాలేదని అడగలేదు. వాడికి తెలుసు. తెలియంది నాకే.

ఈ వ్యాసం యూదుల గురించి. మరి అవ్వతో ఎందుకు మొదలుపెట్టానంటే, ఇరవై ఏళ్ళ తర్వాత యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ (ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, 2013) చదువుతుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ బోరింగు నీళ్ళే.

*

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు వస్తుంది. కోనేటి మధ్యలో కట్టిన చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన ఆ గుడి గురించి చాలామందికి తెలుసు. ఆ ఊరి అంచునే కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ 1991లో ఒక సినగాగు మొదలైంది. పేరు బెనే యాకోబ్. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు. క్రైస్తవ బోధకుల నేపథ్యం నుంచి వచ్చినవాళ్ళు. 1980లలో షమూయేల్ జెరూసలేం వెళ్ళివచ్చారు. తమది యూదు మూలమని, ఇశ్రాయేలు గోత్రాల్లో తప్పిపోయిన పది గోత్రాలలోని ఎఫ్రాయీము గోత్రం తమదని ప్రకటించారు. సముదాయం పేరు బెనే ఎఫ్రాయీం, అంటే ఎఫ్రాయీము సంతానం. దాదాపు నలభై కుటుంబాలు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. కులం మాదిగ. మచిలీపట్నంలో కూడా కొన్ని కుటుంబాలు ఉన్నాయి.

సినగాగు అనగానే మనకి కొచ్చిలోని నీలం పింగాణీ పలకలు గుర్తొస్తాయి. కొత్తరెడ్డిపాలెంలో అలాంటిదేమీ లేదు. ఉన్నది ప్రార్థన చేసుకోవడానికి ఒక గది. పిల్లలకి అదే బడి కూడా. పగలు సర్కారు బడికో, ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూలుకో పోయే పిల్లలు, మిగిలిన వేళల్లో ఇక్కడ హీబ్రూ అక్షరాలు దిద్దుతారు, ప్రార్థనలు నేర్చుకుంటారు, పండగలకి తయారవుతారు. ఇలాంటి అదనపు బడి యూదుల చరిత్రలో పెద్ద వ్యవస్థ. కానీ తెలుగు నేల మీద దాని కథ తెలుగు నేలకే చెందిన విధంగా నడిచింది.

యూదులు తెలుగు నేలకి కొత్తకాదు. గోల్కొండ వజ్రాల కోసం, ఆ వజ్రాలకి బదులుగా అమ్మిన మధ్యధరా పగడాల కోసం పదిహేడో శతాబ్దంలో మద్రాసులో యూదు వర్తకులు స్థిరపడ్డారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు దాని ఆల్డర్మన్లలో యూదు వర్తకులకీ చోటు దక్కింది. జార్జిటౌన్లో కోరల్ మర్చంట్ వీధి ఇంకా ఉంది. అంతకంటే ముందు, 1647లో, పారశీకంలో ‘దబిస్తాన్-ఎ-మజాహిబ్’ రాసిన గ్రంథకర్త హైదరాబాదులో సర్మద్‌ని కలిశాడు. సర్మద్ యూదుడిగా పుట్టి, ఇస్లాంలోకి వెళ్ళి, చివరికి ఏ గీతలోనూ ఇమడని ఫకీరు అయినవాడు. తర్వాత ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో తల పోగొట్టుకున్నాడు. దబిస్తాన్‌లో యూదు మతం గురించిన అధ్యాయం సర్మద్ చెప్పిందే. ఆయన శిష్యుడు అభయ్‌చంద్ అనే హిందూ యువకుడు తోరాలో కొంత భాగాన్ని పారశీకంలోకి తెచ్చాడు. దబిస్తాన్ అంటే బడి అనే అర్థం. అంటే హైదరాబాదులో యూదు మతం మొదట ఒక గురువు, ఒక శిష్యుడు ఉన్న బడిగా కనిపిస్తుంది.

కానీ ఆ బడిలో పిల్లలు లేరు. మద్రాసు పగడాల వర్తకులు సమాధులు మిగిల్చి వెళ్ళారు. సర్మద్ రుబాయీలు మిగిల్చాడు. ఒక మతం ఊళ్ళో నిలబడాలంటే పండగ పూట వీధిలో గోల చేసే పిల్లలు కావాలి. తెలుగు నేల మీద యూదు మతానికి పిల్లలు దొరికింది కొత్తరెడ్డిపాలెంలో.

*

ఇప్పుడు మళ్ళీ నా బొమ్మ కార్డు దగ్గరికి. ‘పర్ణశాలల పండుగ’ అన్నది తెలుగు బైబిల్ మాట. హీబ్రూలో సుక్కోత్. పెసహ్‌ని తెలుగు బైబిల్ పస్కా పండుగ అంటుంది. షావూత్ వారముల పండుగ. యోం కిప్పూర్ ప్రాయశ్చిత్తార్థ దినము. సినగాగుకి సమాజమందిరము అనే చక్కటి మాట ఉంది. పేర్లు ఇంకా ఆశ్చర్యం. ఇంగ్లీషువాళ్ళు మోజెస్ అంటారు, తెలుగు బైబిల్ హీబ్రూలో లాగే మోషే అంటుంది. ఐజయాని యెషయా అంటుంది. అంటే పందొమ్మిదో శతాబ్దపు తెలుగు అనువాదకులు చాలా చోట్ల హీబ్రూ ఉచ్చారణకి ఇంగ్లీషు కంటే దగ్గరగా నిలబడ్డారు.

దీని అర్థం ఏమిటంటే, కొత్తరెడ్డిపాలెంలో హీబ్రూ క్లాసు మొదలయ్యేనాటికే ఆ పల్లెల్లో మూడు నాలుగు తరాలుగా మోషే, ఎస్తేరు, మొర్దెకై, పస్కా తిరుగుతూ ఉన్నారు. వాళ్ళని అక్కడికి తెచ్చింది క్రైస్తవ మిషన్లు. మా నెల్లూరుకి అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో వచ్చాడు. పాతికేళ్ళపాటు పెద్దగా ఎవరూ చేరలేదు. ‘ఒంటరి నక్షత్రం’ అని పేరుపడ్డ ఆ మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో చర్చలు కూడా జరిగాయి. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి బాప్తిస్మం తీసుకోవడంతో కథ మారింది. పేరయ్య ఊరూరా తిరిగాడు. మిషన్ని నడిపించింది ఒంగోలు దొర జాన్ క్లౌ అని పుస్తకాలు రాస్తాయి. దారి చూపించింది మాత్రం పేరయ్య. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అదే కాలువ మా వైపు పులికాట్ అంచున ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు దాన్ని దాటడమే తెలుసు, ఎవరు తవ్వారో తెలీదు.

గుంటూరు వైపు లూథరన్లు వచ్చారు, 1842లో హేయర్‌తో. మిషన్ ఏదైనా, పల్లెల్లో పిల్లలకి అక్షరం, కథ, పాట అందిన చోటు సండే స్కూలే. ఆ పిల్లల మనవలు, మునిమనవలు 1991 తర్వాత ఆ కథల్నే ఇంకో వైపు నుంచి చదవడం మొదలుపెట్టారు. ఎస్తేరు ఇప్పుడు ‘పాత నిబంధన’లో పాత్ర కాదు. మా అమ్మమ్మ. ఒక్క మాట మారితే కథంతా మారిపోతుంది.

*

యూదుల అదనపు బడి చరిత్రలో కూడా సరిగ్గా ఇలాంటి తిరగేతే ఉంది. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు కొంచెంసేపు పుస్తకం మూసేశాను.

సండే స్కూలు ఉద్యమం 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్‌తో ఊపందుకుంది. వారమంతా పనిచేసే పేద పిల్లలకి దొరికే ఒక్క సెలవు ఆదివారం కాబట్టి ఆరోజు చదువు. అది అమెరికాకి వెళ్ళింది. అక్కడ ఫిలడెల్ఫియాలో రెబెక్కా గ్రాట్జ్ అనే యూదు మహిళ 1838 మార్చి 4న మొదటి హీబ్రూ సండే స్కూలు తెరిచింది. పొరుగింటి క్రైస్తవ పిల్లలకి ఆదివారం బడి ఉంది, మన పిల్లలకి లేదు అన్నదే ఆవిడ బాధ. చదువు ఉచితం. పాఠాలు చెప్పేది స్త్రీలు. పాఠ్యపుస్తకాలు లేవు. మొదట్లో క్రైస్తవుల సండే స్కూలు పుస్తకాలే తెచ్చుకుని, యూదు పిల్లలకి పనికిరాని వాక్యాల మీద కాగితం ముక్కలు అతికించి వాడుకున్నారు.

ఆ అతికించిన కాగితం ముక్క నాకు ఈ మొత్తం కథకి గుర్తు. అరువు పుస్తకం, సొంత అర్థం.

మన దేశంలో కొంకణ తీరపు బెనే ఇజ్రాయేల్ కథ కూడా ఇలాంటిదే. శనివారం గానుగ ఆపే నూనె తీసేవాళ్ళు కాబట్టి ఊళ్ళో వాళ్ళని ‘శనివార్ తేలీ’ అనేవాళ్ళు. సబ్బాతు గుర్తుంది, పొలుసూ రెక్కా లేని చేప తినకూడదని గుర్తుంది, హీబ్రూ పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు. స్కాట్లండు మిషనరీ జాన్ విల్సన్ మరాఠీలో హీబ్రూ వ్యాకరణం రాశాడు. మరాఠీ బైబిల్ చేతికొచ్చింది. మిషనరీల ఉద్దేశం వాళ్ళని క్రైస్తవులుగా మార్చడం. జరిగింది మాత్రం వాళ్ళు ఇంకా గట్టిగా యూదులవడం. 1875లో హాయీమ్ సామ్యూల్ కెహిమ్‌కర్ బొంబాయిలో సొంత బడి పెట్టాడు. అదే తర్వాత ఎలీ కదూరీ స్కూలు అయింది.

ఫిలడెల్ఫియా, బొంబాయి, కొత్తరెడ్డిపాలెం. మూడు చోట్లా మొదటి పాఠ్యపుస్తకం పొరుగువాళ్ళదే.

*

అదనపు బడిలో నేర్పేదేమిటి? అక్షరాలు, ప్రార్థనలు అని చెప్తారు గానీ, నిజానికి పిల్లలకి గుర్తుండేది పండగలే. అమెరికాలో 1910లో శామ్సన్ బెండర్లీ న్యూయార్కులో యూదు విద్యా బ్యూరో పెట్టినప్పటి నుంచి ఈ బడులు పండగల్నే పాఠ్యప్రణాళికగా మలుచుకుంటూ వచ్చాయి. పిల్లలతో పెసహ్ విందు రిహార్సల్, పూరీం వేషాలు, హనుక్కా దీపాలు. ఇళ్ళల్లో తల్లిదండ్రులు మర్చిపోయినవాటిని పిల్లలు బడి నుంచి ఇంటికి మోసుకెళ్ళారు.

తెలుగు పిల్లవాడికి ఈ పండగల క్యాలెండరు అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు. యూదు పంచాంగం కూడా మనలాగే చంద్రుడితో నెలలు, సూర్యుడితో ఏడాది లెక్క కడుతుంది. మనకి అధిక మాసం ఉన్నట్టే వాళ్ళకీ 19 ఏళ్ళలో ఏడుసార్లు అదనపు అదార్ నెల వస్తుంది. అందుకే చాలా ఏళ్ళు పండగలు పక్కపక్కనే పడతాయి. 2025లో పూరీం, హోళీ ఒకే రోజు, మార్చి 14. అదే ఏడు పెసహ్ మొదలైన ఏప్రిల్ 12 రాత్రి మనకి చైత్ర పౌర్ణమి. సుక్కోత్ మొదలైన అక్టోబరు 6 రాత్రి ఆశ్వయుజ పౌర్ణమి. హనుక్కా ఎప్పుడూ అమావాస్యని మధ్యలో పెట్టుకుని ఎనిమిది రాత్రులు నడుస్తుంది. దీపాల పండగకి చీకటి రాత్రి కావాలని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

పెసహ్ రాత్రి విందులో మొదటి పాత్ర పిల్లలదే. అందరిలోకీ చిన్నవాళ్ళు ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటని నాలుగు ప్రశ్నలు అడగాలి. వాళ్ళు అడిగితేనే పెద్దవాళ్ళు ఐగుప్తు కథ మొదలుపెడతారు. పళ్ళెంలో చేదు ఆకు, కన్నీళ్ళకి గుర్తుగా ఉప్పునీళ్ళు, బానిసలు కలిపిన ఇటుకల అడుసుకి గుర్తుగా పళ్ళూ గింజలూ నూరిన తీపి ముద్ద. పొంగని రొట్టె: పిండి తడిపిన 18 నిమిషాల్లో కాలిపోవాలి. ఆ రొట్టెలో సగం దాచిపెడతారు, పిల్లలు వెతికి పట్టుకుంటే బహుమానం. ఉగాది పచ్చడి తిని పెరిగిన నాకు, చేదుని చరిత్రగా నాలుక మీద పెట్టే ఈ పద్ధతి పరాయిదిగా అనిపించలేదు. కానీ ఒక తేడా ఉంది. ఉగాది పచ్చడిలో చేదు జీవితంలో ఎవరికైనా వచ్చేది. పెసహ్ చేదు ఒక ప్రత్యేకమైన చేదు. దానికి ఒక యజమాని ఉన్నాడు, ఒక కొరడా ఉంది, ఒక తప్పించుకున్న రాత్రి ఉంది.

మాదిగవాడలో పుట్టిన పిల్ల ‘మేం ఐగుప్తులో బానిసలం’ అన్న కథ విన్నప్పుడు అది ఎవరి చరిత్రగా వింటుంది?

పూరీం సంగతి చూడండి. ఎస్తేరు కథ చదువుతూ హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు తిప్పి, నేల తన్ని, ఆ పేరు వినపడకుండా గోల చేయాలి. యూదులందరినీ చంపించబోయిన మంత్రి పేరుని చప్పుడుతో చెరిపేయడం. వేషాలు వేసుకోవచ్చు. పగటి వేషాలు, డప్పు తెలిసిన వాడల్లో ఇది పిల్లలకి నేర్పించాల్సిన విద్యే కాదు. తేడా ఒక్కటే. ఊరి కోసం డప్పు కొట్టడం వెట్టి. ఇక్కడ చప్పుడు వాళ్ళ కోసం వాళ్ళు చేసేది.

తోలు సంగతి కూడా చెప్పాలి. తోరా చుట్ట కాగితం మీద రాయకూడదు. తినదగిన జంతువు చర్మాన్ని శుద్ధి చేసి, దాని మీద 3,04,805 అక్షరాలు చేత్తో రాసి, ఆ తోలు పలకల్ని జంతువు నరాలతోనే కలిపి కుట్టాలి. ప్రార్థనలో చేతికి, నుదుటికి కట్టుకునేవి తోలు పట్టీలు. కొత్త సంవత్సరం నాడు ఊదేది పొట్టేలు కొమ్ము. తోలు ముట్టినవాణ్ణి ఊరి బయట పెట్టిన నేల మీద, తోలు మీద మాత్రమే రాయదగిన గ్రంథం! దీన్ని యాకోబి సోదరులు ఎంతవరకు వాదంగా వాడారో పక్కన పెడితే, మాదిగల గొడ్డుమాంసపు తిండి, చనిపోయినవాళ్ళని పూడ్చిపెట్టే ఆచారం మాత్రం తమ యూదు మూలానికి గుర్తులని వాళ్ళు చెప్పారు. ఏ తిండి వల్ల వెలి వేశారో ఆ తిండే వంశవృక్షం అయింది.

ఒక్క హనుక్కా మాత్రం ఈ వరసలో పడదు. మిగతావన్నీ తెలుగు బైబిల్లో విధిగా ఉన్న పండగలు. హనుక్కా వెనకున్న మక్కబీయుల కథ ప్రొటెస్టంట్ల పాత నిబంధనలో లేదు. యోహాను సువార్తలో ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’ అని ఒక ముక్క కనిపిస్తుంది, అంతే. అంటే ఎనిమిది రాత్రుల దీపాలూ, నాలుగు హీబ్రూ అక్షరాలు చెక్కిన బొంగరమూ చేబ్రోలు దాకా రావాలంటే బైబిల్ సరిపోదు, బయటి యూదు ప్రపంచంతో సంబంధం కావాలి. ఆ సంబంధం ఏర్పడింది. 1994లో ఇశ్రాయేలు నుంచి రబ్బీ ఎలియాహు అవిఖాయిల్ వచ్చి చూసి వెళ్ళారు. తర్వాత అమెరికా సంస్థ కులాను తరఫున రబ్బీ జెరాల్డ్ సస్‌మన్, బొనీటా సస్‌మన్ దంపతులు వచ్చి పాఠాలు చెప్పారు. ‘కులాను’ అంటే హీబ్రూలో ‘మనమందరం’. తెలుగు చెవికి ఆ మాటలో ఏం వినపడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

*

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడగాలి. ఇదంతా నిజమా?

క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అస్సీరియన్లు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెదరగొట్టారు. అక్కడి నుంచి పారశీకం, ఉత్తర భారతం మీదుగా తెలుగు నేల దాకా ఒక గోత్రం నడిచి వచ్చిందన్న దానికి శాసనం లేదు, నాణెం లేదు. షమూయేల్ యాకోబి తన పుస్తకంలో హీబ్రూకీ తెలుగుకీ పోలికలు చూపించారు. అలాంటి పోలికలతో ఏ రెండు భాషలనైనా చుట్టాల్ని చేయొచ్చని భాషాశాస్త్రం చదివిన ఎవరైనా అంటారు. ఇశ్రాయేలు రబ్బీల పీఠం 2005లో మిజోరం, మణిపూర్‌ల బెనే మెనషేలని ఇశ్రాయేలు సంతానంగా గుర్తించింది గానీ బెనే ఎఫ్రాయీం‌ని గుర్తించలేదు.

నేను కూడా మొదట్లో ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఇంజినీరింగు చదివిన బుర్ర కదా, ఇన్‌పుట్ తప్పయితే అవుట్‌పుట్ తప్పు అనుకుంటుంది. కానీ తెలుగు నేల మీద వంశవృక్షాలన్నీ ఇదే పరీక్షకి నిలుస్తాయా? శాసనాల్లో ప్రతి రాజవంశమూ సూర్యుడి నుంచో చంద్రుడి నుంచో దిగింది. ఎన్ని కులపురాణాలు ఏ ఋషి కమండలం నుంచో మొదలవుతాయి! వాటిని నవ్వుకుని వదిలేస్తాం. మాదిగవాడ నుంచి ఒకరు ‘మా తాత మోషే వెంట నడిచాడు’ అనగానే ఆధారాలు అడుగుతాం. ఆధారం అడగడం తప్పు కాదు. ఎవరినే అడుగుతున్నామో గమనించకపోవడం తప్పు.

1991ని ఒంటరిగా చూడకూడదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద ఊచకోత జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలల మీద జరిగింది. చుండూరు చేబ్రోలుకి ఏమంత దూరం కాదు. అదే ఏడు, అదే జిల్లాలో సినగాగు మొదలైంది. 1994 జూలై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందని నేను అనడం లేదు. కానీ ‘మనం ఎవరం?’ అన్న ప్రశ్న ఆ పదేళ్ళలో కోస్తా పల్లెల్లో ఎంత గట్టిగా మోగిందో తెలియకుండా ఈ బడి అర్థం కాదు. కొందరు అంబేద్కర్ దగ్గర, కొందరు దండోరా దగ్గర జవాబు వెతుక్కున్నారు. నలభై కుటుంబాలు ఎఫ్రాయీము దగ్గర వెతుక్కున్నాయి.

ఆ జవాబుకి ఖరీదు ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు. క్రైస్తవులకి లేదు, యూదులకీ లేదు. అంటే బడి రిజిస్టరులో మతం దగ్గర ‘యూదు’ అని రాయిస్తే ఆ పిల్ల స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, రేపటి ఉద్యోగం ప్రమాదంలో పడతాయి. సినగాగులో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో మతం. పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాలకి ఇది పాత విద్యే.

శనివారం సంగతి ఇంకా కష్టం. ఫిలడెల్ఫియా పిల్లలకి ఆదివారం బడి లేదు కాబట్టి హీబ్రూ బడి ఆదివారం పెట్టారు. మన బడులు శనివారం కూడా నడుస్తాయి. సబ్బాతు పాటిస్తే హాజరు పోతుంది. తల్లిదండ్రులకి ఒక రోజు కూలి పోతుంది. మిరప కోతల కాలంలో ఒక రోజు కూలి అంటే ఏమిటో గుంటూరు జిల్లాలో ఎవరినైనా అడగండి. విశ్రాంతి దినం అనేది పనికి బానిసలు కాని మనుషుల గుర్తు అని తోరా చెప్తుంది. ఆ గుర్తు పెట్టుకోవడానికి డబ్బు ఉండాలని కొత్తరెడ్డిపాలెం శనివారాలు చెప్తాయి.

*

నా స్నేహితులు చాలామంది అమెరికాలో ఉన్నారు. వాళ్ళ పిల్లలు వారాంతాల్లో తెలుగు బడికి పోతారు. సిలికానాంధ్ర 2007లో మనబడి మొదలుపెట్టాక ఇది పెద్ద వ్యవస్థే అయింది. అక్కడా అంతే: అ ఆ లు రెండు నెలల్లో మర్చిపోతారు, భోగిపళ్ళు, బొమ్మల కొలువు గుర్తుంటాయి. మామూలు బడికి నువ్వెవరో తెలియని చోట అదనపు బడి పుడుతుంది.

కాలిఫోర్నియాలో తెలుగు పిల్లవాడికి అదనపు బడి ఎందుకో వెంటనే అర్థమవుతుంది. వాడు పరాయి దేశంలో ఉన్నాడు. కొత్తరెడ్డిపాలెం పిల్ల పుట్టింది చేబ్రోలులో, మాట్లాడేది తెలుగు, వాళ్ళ ముత్తాతలు పనిచేసింది ఆ పొలాల్లోనే. ఆ పిల్లకి కూడా ‘నువ్వు ప్రవాసంలో ఉన్నావు, నీది వేరే దేశం’ అన్న పాఠం సరిగ్గా అతికిందంటే, ఆ ఊరు ఆ పిల్లని ఎంత దూరంగా ఉంచిందో ఆలోచించాలి. ఊరికీ వాడకీ మధ్య నడిచి వెళ్ళేంత దూరమే. మా ఊళ్ళో బోరింగు దగ్గరి నుంచి చర్చి కనిపించేది.

సుక్కోత్ పండక్కి యూదులు ఏడు రోజులు ఆకులు కప్పిన గుడిసెలో తినాలి, వీలైతే పడుకోవాలి. కప్పు నేల నుంచి పెరిగిన వాటితోనే వేయాలి: తాటాకు, కొమ్మలు, గడ్డి. ఎండ కంటే నీడ ఎక్కువ ఉండాలి, కానీ మందంగా ఉండకూడదు. రాత్రి నక్షత్రాలు కనపడాలి, గట్టి వాన వస్తే లోపలికి కురవాలి. పక్కా ఇల్లు కట్టుకున్నవాడు ఏడాదికోసారి, ఎడారిలో తన తాతలకి ఇల్లు లేదని ఒంటితో గుర్తు చేసుకోవడం. అమెరికా యూదు బడుల్లో పిల్లలు ఆ గుడిసెకి రంగు కాగితాల గొలుసులు, పళ్ళు వేలాడదీస్తారు.

ఆ ఆదివారం కార్డు చేతిలో పట్టుకుని ఇంటికొచ్చే దారిలో నేను నా పక్కనోణ్ణి ఒక మాట అడిగాను. కార్డులో గుడిసెలు, పల్లెలో గుడిసెలు ఒకేలా ఉన్నాయి. “మీకు ఏడాదంతా ఈ పండగేనా?” అన్నాను. నేను నిజంగానే అడిగాను. వాడు నవ్వాడు. “వాన కురిస్తే తెలుస్తది పండగ” అన్నాడు.

తర్వాతెప్పుడో మా ఇల్లు పడగొట్టి డాబా వేశారు. చూరు పోయింది, దాంతోపాటు కార్డూ పోయింది. పల్లెలో కూడా ఇప్పుడు తాటాకు ఇళ్ళు కనపడవు, కాలనీ ఇళ్ళు వచ్చాయి. వాడు ఎక్కడున్నాడో వెతికితే దొరుకుతాడు. ఫోన్ నంబరు సంపాదించడం కష్టం కాదు. ఈ వ్యాసం రాయడానికి ముందే చేయాల్సిన పని అది. ఇప్పుడు చేస్తాను.